‘అన్నీ’ని విడదీసిన వారం

పోయిన వారం నాలుగు రాత్రులు కూర్చుని ఒక పాత రిపోను (ప్రోగ్రాం కోడ్‌నూ దానిలో చేసిన మార్పుల చరిత్రనూ కలిపి దాచే చోటును) ముక్కలు చేశాను. దాని పేరు ‘అన్నీ’. పేరుకు తగ్గట్టే అందులో అన్నీ ఉన్నాయి. ఒక ఆఫీసులో వరుస నంబర్ల చీటీలు ప్రింట్ చేసే టోకెన్ ప్రోగ్రాం, ఇంకో క్లయింట్ స్టాకు లెక్కల యాప్, ఫోటోలకు తేదీలు సరిచేసే స్క్రిప్టులు, సగంలో ఆగిపోయిన ఫాంట్ టూల్, చివరికి నా రెజ్యూమె కూడా. మొత్తం 11 ఫోల్డర్లు. ఏ ఫోల్డర్‌కూ పక్క ఫోల్డర్‌తో చుట్టరికం లేదు.

ఈమధ్య నాతో పనిచేయడానికి ఒక అమ్మాయి చేరింది. స్టాకు యాప్, టోకెన్ ప్రోగ్రాం తనకు అప్పగిద్దామని ఆ రిపో తెరిచి చూపించాను. కాసేపు ఫోల్డర్లు పైకీ కిందకీ చూసి, “ఇవన్నీ ఒకే రిపోలో ఎందుకు పెట్టారు సార్?” అంది.

“అప్పట్లో నేను డబ్బు కట్టింది ఐదింటికే అమ్మా” అన్నాను.

“ఐదు ఏంటి సార్?”

“ఐదు ప్రైవేట్ రిపోలు.”

తనకు అర్థం కాలేదు. ప్రైవేట్ రిపోకు డబ్బు కట్టడమేంటని తన అనుమానం. తను కోడ్ రాయడం మొదలుపెట్టేసరికే అది ఫ్రీ. కుళాయి తిప్పితే నీళ్లు వచ్చినట్టు, బటన్ నొక్కితే రిపో వస్తుంది. ఆ రోజు తనకు చెప్పడం మొదలుపెట్టిన సంగతే ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఆ 11 ఫోల్డర్ల ఆకారాన్ని నేను ఆలోచించి నిర్ణయించలేదు. అది ఒక పాత ధరల పట్టిక నిర్ణయించిన ఆకారం. ఆ పట్టిక ఎప్పుడో మాయమైంది, దాని ముద్ర మాత్రం నా కోడ్‌లో ఇన్నేళ్లూ అలాగే ఉండిపోయింది.

గిట్ అంటే కోడ్‌లో జరిగే ప్రతి మార్పునూ చరిత్రగా దాచే టూల్, అలాంటి రిపోల్ని ఇంటర్నెట్‌లో ఉంచే సర్వీసు గిట్‌హబ్. 2013లో గిట్‌హబ్‌లో కోడ్ అందరికీ కనపడేలా పెడితే ఖర్చేమీ లేదు. దాచిపెట్టుకోవాలంటేనే డబ్బు. నెలకు 7 డాలర్లకు 5 ప్రైవేట్ రిపోలు, 12 డాలర్లకు 10, 22కు 20, 50కి 50. లెక్క రిపోలది, మనుషులది కాదు. ఒకే రిపోలో ఎంతమందిని చేర్చుకున్నా ధర మారేది కాదు. ఒక్కడే కూర్చుని చిన్న చిన్నవి పాతిక రాసుకుంటే మాత్రం పైమెట్టు ఎక్కాల్సిందే. నేను ఆ రెండో రకం. అప్పుడే ఉద్యోగం మానేసి సొంతంగా పనులు చేసుకుంటున్నాను. ఏ నెల ఎంత వస్తుందో తెలియదు కాబట్టి అన్నిటికంటే చిన్న ప్లాన్ తీసుకున్నాను.

మొదటి ఐదు నెలల్లోనే ఐదు రిపోలూ నిండిపోయాయి. ఆరో పని వచ్చినప్పుడు ఏం చేశానో బాగా గుర్తుంది. ఉన్న ఐదింటిలో ఏది కదలకుండా ఉందో చూసి, దాన్ని నా కంప్యూటర్‌లోకి దించుకుని, సర్వీసులోంచి తీసేశాను. తీసేసిన రెండు వారాలకే ఆ క్లయింట్ ఫోన్ చేసి చిన్న మార్పు కావాలన్నాడు. మళ్లీ ఇంకోటి దించి, దీన్ని పైకి ఎక్కించాను. ఇలా మూడుసార్లు జరిగాక విసుగొచ్చి, ఒక రిపోకు ‘అన్నీ’ అని పేరు పెట్టి, లోపల ఫోల్డర్లు చేసి, చిన్న పనులన్నీ అందులో సర్దేశాను. సమస్య తీరిందనే అనుకున్నాను.

తీరలేదు, వేరే చోట తేలింది. కమిట్ల (సేవ్ చేసిన ఒక్కో మార్పు) చరిత్ర చూస్తే టోకెన్‌కు ఒకటి, స్టాకుకు రెండు, మళ్లీ ఫాంట్‌కు ఒకటి, కలగాపులగం. ప్రతి మెసేజీకి ముందు ‘టోకెన్:’ అనో ‘స్టాకు:’ అనో రాసుకునేవాణ్ణి. తొందరలో మర్చిపోయినవి వందల్లో ఉన్నాయి, ‘చిన్న సవరణ’ అని మాత్రమే ఉంటుంది, దేనికో తెలియదు. 1.2 వెర్షన్ అని ట్యాగ్ (గుర్తు) పెడితే ఏ ప్రోగ్రాం 1.2? అదీ పేరుతో కలిపే రాయాలి. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. స్టాకు యాప్ క్లయింట్ వాళ్ల దగ్గర ఒక కుర్రాడు కోడ్ నేర్చుకున్నవాడు, చిన్న చిన్న మార్పులు తనే చేసుకుంటానన్నాడు. చేయనివ్వాలనే నాకూ ఉంది. కానీ గిట్‌లో రిపోకు తలుపు ఒకటే. లోపలికి రానిస్తే అన్ని ఫోల్డర్లూ కనిపిస్తాయి. ఇంకో క్లయింట్ కోడ్ అతనికి ఎలా చూపిస్తాను? చివరికి స్టాకు ఫోల్డర్ ఒక్కటే జిప్ చేసి మెయిల్‌లో పంపేవాణ్ణి. అతను మార్చి తిరిగి మెయిల్ చేసేవాడు. నేను ఫైలు ఫైలూ పోల్చి కలిపేవాణ్ణి. వెర్షన్ కంట్రోల్ (మార్పుల చరిత్ర దాచడం) కోసం డబ్బు కడుతూ, వెర్షన్ కంట్రోల్ లేనట్టు రెండేళ్లు పనిచేశాం. అతను రాసిన లైన్ల మీద ఈ రోజుకీ నా పేరే ఉంది. అది నాకు బాధగానే ఉంటుంది.

గిట్‌హబ్‌లాంటిదే ఇంకో సర్వీసు బిట్‌బకెట్‌కు మారొచ్చు కదా అని అప్పుడే చాలామంది అడిగారు. నిజమే. 2010లో అట్లాసియన్ అనే కంపెనీ దాన్ని కొన్న దగ్గరి నుంచి అక్కడ ప్రైవేట్ రిపోలు ఎన్నైనా ఫ్రీ, 5 మంది యూజర్ల వరకు. మొదట్లో గిట్‌లాంటిదే ఇంకో టూల్ మెర్క్యూరియల్ ఒక్కటే ఉండేది, 2011 అక్టోబరులో గిట్ కూడా వచ్చింది. అంటే నేను 7 డాలర్లు కడుతున్న రోజుల్లోనే, నాలాంటి ఒంటరి డెవలపర్‌కు పక్క వీధిలో అంతా ఉచితం. వెళ్లకపోవడానికి కారణం, నేను వాడే లైబ్రరీలు, నేను పంపే ప్యాచ్‌లు (సవరణలు), తెలిసిన మనుషులు అందరూ ఇక్కడున్నారు. రెండు చోట్ల రెండు అలవాట్లు పెట్టుకోవడం ఇష్టంలేకపోయింది. ఇప్పుడు ఆలోచిస్తే ఒక సంగతి తెలుస్తోంది. వాళ్లు మనుషుల్ని లెక్కపెట్టారు, వీళ్లు రిపోల్ని లెక్కపెట్టారు. దేన్ని లెక్కపెడితే దాన్ని మనం పొదుపు చేస్తాం. అక్కడ ఐదుగురి టీములు ఆరో మనిషిని చేర్చుకోవడానికి వెనకాడేవి. ఇక్కడ నేను ఆరో రిపో తెరవడానికి వెనకాడాను.

2016 మే నెలలో గిట్‌హబ్ ఆ లెక్క మార్చేసింది. వ్యక్తులకు అదే 7 డాలర్లకు ప్రైవేట్ రిపోలు ఎన్నైనా. నాకు ఆ రోజు పండగే. కానీ అదే ప్రకటనలో సంస్థల ప్లాన్ కూడా మారింది. అంతకుముందు 25 డాలర్లకు 10 ప్రైవేట్ రిపోలు, లోపల ఎందరున్నా సరే. కొత్త లెక్కలో మొదటి ఐదుగురికి కలిపి 25 డాలర్లు, ఆ పైన తలకు 9. అంటే 30 మంది ఉండి 10 రిపోలతో సరిపెట్టుకునే చోట నెలకు 25 డాలర్లు కాస్తా 250 అవుతుంది. నాకు తెలిసిన ఒక స్వచ్ఛంద బృందం సరిగ్గా అలాంటిదే. ఎక్కువమంది ఏడాదికి రెండుసార్లు వచ్చి తలో చెయ్యి వేసి వెళ్లేవాళ్లు. పాత ప్లాన్‌లోనే కొంతకాలం కొనసాగే వీలు ఇచ్చారు కాబట్టి వెంటనే దెబ్బ తగల్లేదు. అయినా ఆ వారం వాళ్ల మధ్య నడిచిన చర్చ నాకు గుర్తుంది: ఎవరిని లిస్టులోంచి తీసేద్దాం అని. రిపోల్ని తీసేయడం వేరు, మనిషి పేరు తీసేయడం వేరు. ఒకే ప్రకటన, నాకు సంతోషం, వాళ్లకు దిగులు. అప్పటినుంచి ప్లాన్ మారిందని ఎవరైనా చెబితే, ధర పెరిగిందా తగ్గిందా అని కాకుండా, ఇప్పుడు దేన్ని లెక్కపెడుతున్నారు అని అడగడం అలవాటైంది.

తర్వాతి సంగతులు చాలామందికి తెలిసినవే. 2018 జూన్‌లో గిట్‌హబ్‌ను 7.5 బిలియన్ డాలర్లకు కొంటున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 2019 జనవరి 7న ప్రైవేట్ రిపోలు ఫ్రీ అయ్యాయి, ఒక్కో రిపోలో ముగ్గురు సహచరుల వరకు. 2020 ఏప్రిల్‌లో ఆ ముగ్గురి గీత కూడా చెరిపేశారు, టీమ్ ప్లాన్ ధర తలకు 9 నుంచి 4 డాలర్లకు దించారు. ఈలోపు గిట్‌ల్యాబ్ అనే ఇంకో సర్వీసు తన సైట్‌లో ప్రైవేట్ రిపోలు, సహచరులు ఎందరైనా ఫ్రీ అంటూ ఉంది. ఆ పోటీ లేకపోతే మిగతావాళ్లు ఇంత దిగివచ్చేవాళ్లు కాదని నా నమ్మకం.

ఫ్రీ అయిన రోజు నేను నెలకు 7 డాలర్లు కట్టడం ఆపేశాను. ‘అన్నీ’ని మాత్రం ముట్టుకోలేదు. కొత్త పనులకు కొత్త రిపోలు తెరిచాను, పాతది పాతదిగానే ఉంది. నడుస్తోంది కదా అని. అలా ఇంకొన్నేళ్లు గడిచాయి.

ఇదంతా విని ఆ అమ్మాయి మంచి ప్రశ్న అడిగింది. “ఫ్రీ అని ఇచ్చాక వెనక్కి తీసుకోరు కదా సార్?”

తీసుకుంటారమ్మా. గిట్ పుట్టిందే అలా వెనక్కి తీసుకోవడం వల్ల. 2002 నుంచి లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కోడ్) పని బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేది. అది ఒక కంపెనీ అమ్మే సరుకు, కెర్నల్ రాసేవాళ్లకు మాత్రం షరతులతో ఉచితం. 2005లో గొడవలొచ్చి ఆ ఉచిత వెర్షన్ ఆపేశారు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఏప్రిల్ మొదట్లో కూర్చుని సొంతంగా ఒకటి రాయడం మొదలుపెట్టి, ఏప్రిల్ 7కల్లా గిట్ కోడ్‌ను గిట్‌లోనే కమిట్ చేశాడు. జూన్‌లో విడుదలైన కెర్నల్ 2.6.12 దాని మీదే తయారైంది. మెర్క్యూరియల్ కూడా అదే నెలలో, అదే కారణంతో మొదలైంది. ఆ మెర్క్యూరియల్‌తోనే బతుకు మొదలుపెట్టిన బిట్‌బకెట్, 2020 జులైలో మెర్క్యూరియల్ రిపోల్నే తీసేసింది. 2019 ఆగస్టులోనే చెప్పారు, నిజమే. కానీ చెప్పిన మెయిల్ అందరూ చూస్తారా?

నేను చూడలేదు. బిట్‌బకెట్ సంగతి కాదు, అంతకంటే ముందు, 2015లో. టోకెన్ ప్రోగ్రాం నేనూ నా స్నేహితుడూ కలిసి రాసింది. అది ‘అన్నీ’లో పుట్టలేదు. మా వాడికి నచ్చిన ఒక చిన్న సర్వీసులో ఉండేది, అక్కడ ప్రైవేట్ రిపోలు ఫ్రీ అని. ఏడాదిన్నర బాగానే నడిచింది. ఒకరోజు పుష్ చేయబోతే (కొత్త మార్పులు సర్వీసులోకి ఎక్కించబోతే) కుదరలేదు. ఉచిత ప్లాన్ ఎత్తేస్తున్నామని, నెల రోజుల్లో డేటా దించుకోమని వాళ్లు మెయిల్ పంపారు. అది మేమిద్దరం ఆ ప్రాజెక్టు కోసం తెరిచి, తర్వాత చూడటం మానేసిన మెయిల్‌కు వెళ్లింది. గడువు దాటి తొమ్మిది రోజులైంది. ఎంత టెన్షన్ పడ్డామో. కానీ ఐదు నిమిషాల్లో ఊపిరి పీల్చుకున్నాం, ఎందుకంటే గిట్‌లో ప్రతి క్లోన్‌లోనూ (రిపో నకలులోనూ) మొత్తం చరిత్ర ఉంటుంది. నా కంప్యూటర్‌లో ఒకటి, వాడి కంప్యూటర్‌లో ఒకటి, ఒక్క కమిట్ కూడా పోలేదు. తెచ్చి ‘అన్నీ’లో ఒక ఫోల్డర్‌గా కలిపేశాం. అంతా దక్కింది అనుకున్నాం.

దక్కనిది ఏంటో పోయిన వారం తెలిసింది.

విడదీయడానికి గిట్ ఫిల్టర్-రిపో అనే టూల్ వాడాను. ఒక ఫోల్డర్ పేరు చెబితే, దానికి సంబంధించిన కమిట్లు మాత్రమే ఏరి, ఆ ఫోల్డరే అసలు రిపో అన్నట్టు చరిత్ర మొత్తం తిరగరాస్తుంది. తాజాగా తీసిన క్లోన్ కాకపోతే పని మొదలుపెట్టనే పెట్టదు, పొరపాటున అసలుది పాడుచేసుకోకుండా. ఆ జాగ్రత్త నాకు చాలా నచ్చింది. మొదటి రాత్రి ఫాంట్ టూల్ పది నిమిషాల్లో విడిపోయింది. స్టాకు యాప్ దగ్గర ఆగిపోయాను. 2017లో ఆ ఫోల్డర్ పేరు మార్చాను. కొత్త పేరు ఒక్కటే చెబితే 2017కు ముందు చరిత్ర రాలేదు. పాత పేరు, కొత్త పేరు రెండూ చెప్పి మళ్లీ చేయాల్సి వచ్చింది. మీలో ఎవరైనా ఈ పని చేయబోతుంటే, ముందు ఫోల్డర్ల పేర్లు ఎప్పుడెప్పుడు మారాయో ఒక కాగితం మీద రాసుకోండి. నాకు ఒక రాత్రి దానికే పోయింది.

ఇంకో విషయం చెప్పాలి. స్టాకు యాప్ పాత కమిట్లలో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంది. ప్రైవేట్ రిపో, నేనొక్కడినే చూస్తాను అనే ధీమాతో 2014లో అలాగే రాసేశాను. ప్రైవేట్ అంటే బయటివాళ్లకు తలుపు మూసి ఉందని మాత్రమే, లోపలికి ఎవరు వస్తారో రేపు మారుతుంది. ఇప్పుడు ఆ అమ్మాయి వస్తోంది, ఆ తర్వాత క్లయింట్ మనుషులు వస్తారు. ఫిల్టర్-రిపోతోనే ఆ పాస్‌వర్డ్‌ను చరిత్ర మొత్తంలోంచి తుడిపించాను. అంతకంటే ముందు డేటాబేస్‌లో పాస్‌వర్డ్ మార్చాను. ముందు మార్చడం ముఖ్యం, తుడవడం తర్వాత.

మూడో రాత్రి టోకెన్ ప్రోగ్రాం. చరిత్ర తిరగరాస్తే ప్రతి కమిట్ గుర్తింపు సంఖ్య మారిపోతుంది. ‘ఫలానా కమిట్‌లో చేసింది వెనక్కి తీశాను’ లాంటి మెసేజీల్లో పాత సంఖ్యలుంటాయి కదా, అవన్నీ తప్పైపోతాయేమోనని భయపడ్డాను. ఆ టూల్ మెసేజీల్లోని పాత సంఖ్యల్ని కూడా వెతికి కొత్తవాటితో మార్చేసింది. ఒక్కొక్కటీ నొక్కి చూశాను, అన్నీ సరైన చోటికే వెళ్లాయి. అది రాసినవాళ్లకు మనసులోనే దండం పెట్టాను.

పొద్దున్నే ఆ అమ్మాయి కోడ్ చదివి వచ్చింది. “సార్, రెండో చీటీ ప్రింట్‌కు పంపేముందు 3 సెకన్లు ఆగమని ఉంది. తీసేయనా? క్యూ ఊరికే నెమ్మదవుతోంది” అంది. ఆ లైన్ పెట్టిన కమిట్ తీసి చూశాం. 2014 నవంబరు. మెసేజీ: ‘3 సెకన్ల విరామం. కారణం ఇష్యూ 41లో.’

ఇష్యూ 41 లేదు.

ఇష్యూలంటే సమస్యల గురించి సర్వీసులో రాసుకునే నోట్సు, అవి గిట్‌లో ఉండవు. అవి సర్వీసు వాళ్ల డేటాబేస్‌లో ఉంటాయి. పుల్ రిక్వెస్టుల (మార్పులు కలపమని పంపే అభ్యర్థనల) కింద రాసుకున్న చర్చలూ అంతే. మిర్రర్ క్లోన్ (పూర్తి నకలు) తీసినా బ్రాంచీలు (కోడ్ శాఖలు), ట్యాగ్‌లు వస్తాయి కానీ ఆ మాటలు రావు. మేము వాడిన సర్వీసులో ఇష్యూలు దించుకునే వీలు ఉండేది, ఆ నెల రోజుల్లో. మేమిద్దరం కోడ్ దక్కిందని సంబరపడి దాని ఊసే ఎత్తలేదు. వెతికితే ఆ ప్రోగ్రాం చరిత్రలో ‘ఇష్యూ ఫలానా’ అనే మెసేజీలు 38 ఉన్నాయి. 38 కారణాలు ఎక్కడా లేవు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో జరిగిన ప్రమాదం ఈ సందర్భంలో గుర్తొచ్చింది. ఒక ఇంజనీరు రాత్రిపూట సమస్య సరిచేస్తూ, వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ ఫోల్డర్‌ను తొలగించాడు. పేరుకు ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నా ఏదీ సరిగా పనిచేయడం లేదని అప్పుడే బయటపడింది. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఒక నకలు ఉంది, దానితో నిలబెట్టారు. ఆ ఆరు గంటల్లో జనం రాసిన ఇష్యూలు, కామెంట్లు పోయాయి, కోడ్ రిపోలు మాత్రం భద్రం. జరిగింది దాచకుండా, సరిచేసే పనిని యూట్యూబ్‌లో అందరికీ చూపిస్తూ చేశారు. ఆ నిజాయితీ చూసి నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది. అప్పుడు నేను నేర్చుకోవాల్సింది ఒకటి నేర్చుకోలేదు: కోడ్ నా దగ్గర కూడా ఉంటుంది, మాటలు వాళ్ల దగ్గరే ఉంటాయి.

ఇప్పుడు ధరలు నడుస్తున్నదీ అటువైపే. రిపో దాచడానికి అయ్యే ఖర్చు తక్కువ. నా ‘అన్నీ’ ఇన్నేళ్ల చరిత్రతో కలిపి 46 ఎంబీ, ఫోన్‌లో పది ఫోటోలంత. కాబట్టి అది ఫ్రీగా ఇవ్వగలుగుతున్నారు. చుట్టూ ఉన్న పనులకే లెక్క. గిట్‌హబ్ ఫ్రీ ప్లాన్‌లో ప్రైవేట్ రిపోల బిల్డులకు (కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా తయారుచేయడానికి) నెలకు 2,000 నిమిషాలు. అందులోనూ విండోస్ నిమిషం రెండు నిమిషాలుగా, మ్యాక్ నిమిషం పది నిమిషాలుగా లెక్కపెడుతూ వచ్చారు. మ్యాక్ మీద బిల్డు చేసేవాళ్లకు ఆ 2,000 అంటే 200 అన్నమాట. ప్రధాన బ్రాంచీలోకి నేరుగా పుష్ చేయకుండా కాపలా పెట్టడం పబ్లిక్ రిపోలకు ఉచితం, ప్రైవేట్ రిపోలకు డబ్బు కట్టాలి. గిట్‌ల్యాబ్ 2020 అక్టోబరులో ఉచిత నిమిషాల్ని 2,000 నుంచి 400కు తగ్గించింది. 2021 జనవరిలో తలకు నెలకు 4 డాలర్ల ప్లాన్ అమ్మడం ఆపేసింది, దానికి పైమెట్టు 19 డాలర్లు, అదీ 2023 ఏప్రిల్‌లో 29 అయింది. 2022లో ఉచిత ప్రైవేట్ గ్రూపులకు ఐదుగురు యూజర్ల పరిమితి వచ్చింది. ఒకప్పుడు ఎందరైనా అన్న చోటే.

బిల్డు నిమిషాలకు డబ్బు అడగడం నాకు న్యాయంగానే అనిపిస్తుంది. ఆ నిమిషాల్లో ఎక్కడో ఒక మెషీన్ నిజంగా నడుస్తుంది, కరెంటు ఖర్చవుతుంది. ఉచిత నిమిషాల్ని దొంగతనంగా క్రిప్టో కరెన్సీ తవ్వుకోవడానికి వాడినవాళ్లూ ఉన్నారు, దాని వల్ల కూడా పరిమితులు బిగిశాయి. నా అభ్యంతరం మెట్ల మధ్య దూరం మీద. నలుగురు మనుషుల చిన్న బృందానికి 0 తర్వాత 4 డాలర్లు ఉంటే ఆలోచించి కడతారు. 0 తర్వాత 29 అంటే ఆ నలుగురూ కట్టరు, సర్దుకుంటారు. సర్దుకోవడం అంటే ఏంటో నాకు తెలుసు, నేను 11 ఫోల్డర్లలో సర్దుకున్నాను.

సొంత సర్వర్ పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఒక ఏడాది గిటీ అనే సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్‌లో పెట్టుకుని నడిపాను. చాలా తేలికైనది, చిన్న సర్వర్ మీద కూడా హాయిగా నడుస్తుంది. కానీ సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ చేతిలో పని ఆపి అది చూసుకోవాలి. డిస్క్ నిండుతోందా, సర్టిఫికెట్ గడువు తీరిందా, అన్నీ నా బాధ్యతే. డబ్బు కట్టకపోతే కాలం కట్టాలి. ఇప్పుడు దాన్ని అసలు ఇల్లుగా కాకుండా నకలు దాచుకునే చోటుగా వాడుతున్నాను. ప్రతి ఆదివారం రాత్రి ఒక స్క్రిప్టు అన్ని రిపోల మిర్రర్ తీస్తుంది, ఒక్కో రిపోను గిట్ బండిల్‌గా ఒకే ఫైలు చేసి వేరే డిస్క్‌లో పెడుతుంది. ఇప్పుడు కొత్తగా ఏపీఐ (ప్రోగ్రాంలు సర్వీసుతో మాట్లాడే దారి) ద్వారా ఇష్యూలు, పుల్ రిక్వెస్టుల చర్చలు కూడా దించి, మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా దాస్తోంది. పెద్ద ఫైళ్లు ఎల్‌ఎఫ్‌ఎస్‌లో (వాటిని విడిగా దాచే ఏర్పాటులో) ఉంటే అవి మామూలు క్లోన్‌తో రావు, విడిగా తెచ్చుకోవాలి. నెలకోసారి ఏదో ఒక బండిల్ తెరిచి, ఖాళీ ఫోల్డర్‌లోకి క్లోన్ చేసి, బిల్డు అవుతుందో లేదో చూస్తాను. తెరిచి చూడని బ్యాకప్ మీద నాకు నమ్మకం లేదు.

ఇక ఇష్యూ 41. మా వాడికి ఫోన్ చేశాను. ఇద్దరం మాట్లాడుకుని ఏడాది పైనే అయింది.

“ఒరేయ్, టోకెన్ ప్రోగ్రాంలో 3 సెకన్లు ఎందుకు పెట్టాం?”

కాసేపు అటునుంచి మాట లేదు. “పెట్టింది నేనే రా... ఉండు. చీటీ కోసే ప్రింటర్లు. రెండో రకం ఉండేవి చూడు, పాతవి. మొదటి చీటీ కోసేలోపు రెండోది పంపితే అది మింగేసేది. నంబరు పోయేది. ఒకాయన రెండు గంటలు కూర్చున్నాడు, ఆయన నంబరు ఎప్పటికీ రాలేదు. గుర్తులేదా?”

అప్పుడు గుర్తొచ్చింది. ఆయన చేతిలో 56 ఉంది, 57 ఎవరికీ దొరకలేదు, పిలుపు 55 దగ్గర తడబడి 58కి వెళ్లింది. మేమిద్దరం మర్నాడు అక్కడే నిలబడి, 1 సెకను, 2 సెకన్లు, 3 సెకన్లు పెట్టి చూసి, 3 దగ్గర ఆగాం. ఆ కథంతా 41లో వాడు వివరంగా రాశాడు. మిగతా 37 గురించి అడిగితే వాడికి నాలుగు గుర్తున్నాయి, నాకు రెండు.

విడిపోయిన టోకెన్ రిపోలో ‘కారణాలు’ అని ఒక టెక్స్ట్ ఫైలు తెరిచాను. 41 గురించి వాడు చెప్పింది చెప్పినట్టు రాసి, మిగతా ఆరూ కింద రాసి, కమిట్ చేశాను. ఇకమీదట ‘ఇష్యూ ఫలానా చూడండి’ అని మాత్రమే మెసేజీ రాయం, కారణం ఒక వాక్యమైనా అక్కడే ఉండాలి అని ఇద్దరం అనుకున్నాం.

ఆ అమ్మాయి ఫైలు చదివి, “ఆ పాత ప్రింటర్లు ఇంకా ఉన్నాయా సార్?” అని అడిగింది. నాకు తెలియదన్నాను. తనే ఆ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుంది. నాలుగు కౌంటర్లలో రెండింటి దగ్గర అవే ఉన్నాయట. 3 సెకన్ల లైన్ అలాగే ఉంచి, దాని పైన ‘కారణాలు, 41’ అని కామెంట్ రాసి, తన మొదటి కమిట్ పుష్ చేసింది.